ఇంటిల్లిపాదికీ ఒకటే బీరువా

పొలం పాసుపుస్తకం ఫోటో ఆయన ఫోన్లో, మార్కుల లిస్టు అబ్బాయి ల్యాప్‌టాప్‌లో, పెళ్లి ఫోటోలు పాత కంప్యూటర్లో. మా కారంచేడులోనే కాదు, మీ ఊళ్లోనూ ఇదే వరస కదూ! అవసరానికి ఒక్కటీ చేతికి దొరకదు. ఆ పాత కంప్యూటర్లో లినక్స్ ఉంటే, దాన్నే ఇంటిల్లిపాదికీ బీరువాగా చేసుకోవచ్చు. విడిగా పైసా ఖర్చు లేదు. ఇంటర్నెట్ రాకపోయినా వైఫై రూటర్ పనిచేస్తుంటే చాలు.

దీనికి వాడేది సాంబా అనే ఉచిత ప్రోగ్రామ్. సాంబారుతో చుట్టరికమేమీ లేదండోయ్! విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు ఎస్ఎంబి. ఆ పద్ధతిని లినక్స్‌కు నేర్పినవాడు ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్. ఆ మూడక్షరాలూ ఉన్న మాట కోసం వెతికితే ఈ పేరు దొరికిందట.

కావలసినవి: లినక్స్ మింట్ ఉన్న కంప్యూటర్, వైఫై రూటర్, అరగంట తీరిక.

చేసే విధానం: సాఫ్ట్‌వేర్ మేనేజర్లో సాంబా వెతికి ఇన్‌స్టాల్ చేయండి. పంచుకోవలసిన వాటికి విడిగా ఒక ఫోల్డర్ పెట్టండి. దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి, షేరింగ్ ఆప్షన్స్‌లో 'షేర్ దిస్ ఫోల్డర్' గడిలో టిక్కు పెట్టండి. 'గెస్ట్ యాక్సెస్' గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. అది తెరిస్తే వైఫై వాడుకునే ప్రతివారికీ బీరువా తాళం ఇచ్చినట్టే.

సాంబాకు పాస్‌వర్డ్ వేరుగా పెట్టాలి. టెర్మినల్ తెరిచి సుడో, ఎస్ఎంబిపాస్‌డబ్ల్యుడి, హైఫన్ ఎ, మీ యూజర్ పేరు, ఈ నాలుగూ మధ్యలో ఖాళీ వదులుతూ ఇంగ్లీషులో కొట్టండి. కొట్టేటప్పుడు పాస్‌వర్డ్ కనబడదు, కంగారుపడకండి. తర్వాత హోస్ట్‌నేమ్, హైఫన్ పెద్ద ఐ కొడితే కంప్యూటర్ నంబరు వస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచి, పైన అడ్రసు గడిలో రెండు వెనకవాలు గీతలు, ఆ నంబరు కొట్టండి. పాస్‌వర్డ్ అడుగుతుంది. అంతే!

ఇక రెండు జాగ్రత్తలు. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ విండోస్ ఫైల్ షేరింగులోని లొసుగు పట్టుకుని ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అదే నెలలో సాంబాలోనూ ఒక లొసుగు బయటపడితే సరిచేశారు. కాబట్టి అప్‌డేట్లు వాయిదా వేయకండి. రూటర్‌లో ఈ షేరింగుకు బయటి దారి తెరవమని ఎవరు చెప్పినా వద్దనండి.

రెండోది, పంచుకోవడం వేరు, దాచుకోవడం వేరు. ఆ కంప్యూటర్ డిస్కు పోతే అందరివీ ఒక్కసారే పోతాయి. పచ్చడి రెండు జాడీల్లో పెట్టినట్టు, నెలకోసారి ఇంకో డిస్కులోకి కాపీ చేసి, దాన్ని విడిగా తీసి దాచండి.