మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కి ఏ ఆడియో ప్లేయర్ బెటర్? ఇవి చూసి డిసైడ్ అవ్వండి

డాక్టర్ చెప్పింది హైపోటెన్షన్, మీకు వినిపించింది హైపర్‌టెన్షన్. మొదటిది బీపీ పడిపోవడం, రెండోది పెరగడం. ఫిఫ్టీన్ మిల్లీగ్రాములకీ ఫిఫ్టీ మిల్లీగ్రాములకీ కూడా ఇదే ప్రాబ్లమ్. డిక్టేషన్ విని రిపోర్ట్ టైప్ చేసే ఈ పనిలో తప్పు పడితే నష్టపోయేది పేషెంటే. అందుకే ఇక్కడ ప్లేయర్‌లో చూడాల్సింది బేస్, ఈక్వలైజర్ కాదు. డౌట్ వచ్చిన ముక్కని ఎంత ఫాస్ట్‌గా మళ్లీ వినొచ్చో చూడాలి.

1. ఫార్మాట్

డిక్టేషన్ రికార్డర్ల నుంచి వచ్చే ఫైల్స్ డీఎస్ఎస్, డీఎస్2 ఫార్మాట్‌లో ఉండొచ్చు. డీఎస్2కి ఎన్‌క్రిప్షన్ కూడా పెట్టొచ్చు. వీటికి ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ పెయిడ్ వెర్షన్ లాంటిది కావాలి. ఎంపీ3, వేవ్ ఫైల్స్ అయితే ఫ్రీ వెర్షన్ సరిపోతుంది.

2. ఆటో బ్యాక్‌స్టెప్

పాజ్ చేసి మళ్లీ ప్లే చేస్తే ఆడియో ఒకట్రెండు సెకన్లు వెనక నుంచి మొదలవ్వాలి. ఈ ఆప్షన్ లేకపోతే పాజ్ చేసిన చోట మాట సగానికి తెగిపోతుంది.

3. స్పీడ్

స్పీడ్ తగ్గించినా గొంతు బొంగురుపోకూడదు. దీన్నే టైమ్ స్ట్రెచింగ్ అంటారు. ఆడియోని చిన్న ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కొంచెం పడేలా మళ్లీ అతికిస్తారు. వీఎల్‌సీలో కూడా ఇది ఉంది. కానీ మరీ 50 శాతానికి తగ్గిస్తే అతుకులు వినిపిస్తాయి.

4. ఫుట్ పెడల్

మూడు బటన్ల యూఎస్‌బీ పెడల్ ఉంటే చేతులు కీబోర్డ్ మీదే ఉంటాయి. కొనేముందు మీ సాఫ్ట్‌వేర్ దాన్ని సపోర్ట్ చేస్తుందో లేదో చెక్ చేయండి.

5. వైర్డ్ హెడ్‌సెట్

బ్లూటూత్‌లో సౌండ్ కాస్త లేట్‌గా వస్తుంది. పాజ్ తర్వాత కొన్ని ఇయర్‌బడ్స్ మొదటి అక్షరాన్ని మింగేస్తాయి కూడా. ఇంకో విషయం, ఫోన్‌లో చేసిన డిక్టేషన్ సాధారణంగా 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో రికార్డవుతుంది. అందులో 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దమే ఉండదు. 'ఎస్', 'ఎఫ్' ఒకేలా వినిపించేది అందుకే. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టినా పోయిన శబ్దం తిరిగి రాదు.

6. ప్రైవసీ

హైదరాబాద్‌లో కూర్చుని చేసినా అమెరికా పేషెంట్ల ఫైల్స్‌కి 1996 నాటి హిపా చట్టం రూల్స్ వర్తిస్తాయి. ఫైల్ ఓపెన్ కాలేదని ఏదో ఆన్‌లైన్ కన్వర్టర్‌లో అప్‌లోడ్ చేయకండి. ఓట్రాన్స్‌క్రైబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కానీ ఆడియో మీ కంప్యూటర్ దాటి పోదు. అయినా కంపెనీ పర్మిషన్ ఉంటేనే వాడండి.

నా సజెషన్: నేర్చుకుంటున్నవాళ్లు ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ ఫ్రీ వెర్షన్, ఒక వైర్డ్ హెడ్‌సెట్‌తో మొదలుపెట్టండి. పని రెగ్యులర్‌గా దొరికాక పెడల్ కొనండి. ఏ టూల్ వాడినా, మూడుసార్లు విన్నా క్లారిటీ రాని మాటని ఊహించి టైప్ చేయొద్దు. అక్కడ ఖాళీ వదిలి, టైమ్ నోట్ చేసి డాక్టర్‌కే పంపండి.