గ్రీకు తత్వం, సూఫీ మార్గం: ఎక్కడ కలిశాయి? ఎక్కడ విడిపోయాయి?

తసవ్వుఫ్ ఇస్లాం నుంచి పుట్టినదా, లేక గ్రీకు తత్వానికే అరబ్బీ పేరు పెట్టి మనవాళ్లు తెచ్చుకున్నారా? పండితులు శతాబ్దాలుగా చర్చిస్తున్న ఈ ప్రశ్న నేడు కోనసీమలోని మన ముహల్లాలలోనూ వినవస్తున్నది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లి వచ్చిన యువకుల్లో కొందరు సూఫీల బోధనలన్నీ పరాయి సరుకేనంటారు. తాతముత్తాతల నాటి నుంచి ఉర్సులకు వెళ్లే పెద్దలు ఆ మాటకు నొచ్చుకుంటారు. ఒకే ఇంట్లో పలకరింపులు ఆగిపోయే దాకా వస్తున్నది. అందుకే ఆ గ్రీకు తత్వం ఏమిటో, అది మన వద్దకు ఎలా చేరిందో, మన ఇమాములు దానిని ఎలా తూచారో ఈ వారం తెలుసుకుందాం.

అలెగ్జాండ్రియా నుంచి బాగ్దాద్‌కు

మనవాళ్లు అఫ్లాతూన్ అని పిలిచే ప్లేటో తర్వాత సుమారు ఆరు శతాబ్దాలకు ఆయన బోధనలకు కొత్త రూపమిచ్చినవాడు ప్లోటినస్. అలెగ్జాండ్రియాలో అమ్మోనియస్ అనే గురువు వద్ద పదకొండు సంవత్సరాలు చదివాడు. పారశీకుల, భారతీయుల జ్ఞానం తెలుసుకోవాలని 243లో రోమన్ చక్రవర్తి గోర్డియన్ సైన్యం వెంట తూర్పుకు బయల్దేరాడు. చక్రవర్తి మరణించడంతో ఆ కోరిక తీరలేదు. రోమ్‌లో పాతికేళ్లు బోధించి 270లో కన్నుమూశాడు. అతని 54 రచనలను శిష్యుడు పోర్ఫిరీ తొమ్మిదేసి చొప్పున ఆరు భాగాలుగా కూర్చాడు.

ప్లోటినస్ చెప్పినది క్లుప్తంగా ఇది: అన్నిటికీ మూలం ఒక్కటే. దానిని మాటల్లో వర్ణించలేము. ఆ ఏకం నుంచి బుద్ధి, బుద్ధి నుంచి ఆత్మ, ఆత్మ నుంచి ఈ భౌతిక ప్రపంచం వెలువడుతున్నాయి. మనిషి ఆత్మ తన మూలాన్ని మరచి దేహ సుఖాల్లో కూరుకుపోయింది. ఇంద్రియాలను అదుపు చేసుకుని, మనసును కడుక్కుని, లోపలికి తిరిగితే అది మళ్లీ మూలాన్ని చేరగలదు.

529లో జస్టీనియన్ చక్రవర్తి ఉత్తర్వుతో ఏథెన్స్‌లో ఈ తత్వ బోధన ఆగిపోయింది. అక్కడి తత్వవేత్తలు కొందరు పర్షియా రాజు నౌషేర్వాన్ ఆశ్రయం పొంది, కొద్దికాలానికే తిరిగి వెళ్లారు. మూడు శతాబ్దాల తర్వాత సుమారు 840 ప్రాంతంలో, బాగ్దాద్‌లో అబ్దుల్ మసీహ్ అనే క్రైస్తవ అనువాదకుడు ప్లోటినస్ రచనల్లో కొంత భాగాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. ప్రసిద్ధ తత్వవేత్త అల్ కిందీ దానిని సరిదిద్దాడు. చిత్రమేమిటంటే ఆ గ్రంథం ప్లోటినస్ పేరుతో కాక, అరస్తూ రచనగా ‘ఉసూలూజియా’ అనే పేరుతో ప్రచారమయింది! ఇబ్నె సీనా (980–1037) వంటి మేధావి సైతం దానిపై వ్యాఖ్యలు వ్రాశాడు.

ఇమాం గజాలీ గీసిన గీత

ఈ తత్వం వినడానికి తౌహీద్‌కు దగ్గరగానే ఉంటుంది. కాని ఒక పెద్ద తేడా ఉన్నది. కోనసీమ వాసులకు ఆ తేడా చెప్పడం తేలిక. వరద వచ్చినప్పుడు గోదావరి గట్టు దాటి పొంగడం వేరు. ధవళేశ్వరం వద్ద తలుపులెత్తి కాలువలకు నీరు వదలడం వేరు. మొదటి దానిలో సంకల్పం లేదు, రెండవ దానిలో ఉన్నది. అల్లాహ్‌కు ఏ పోలికా లేదు. ఇది అర్థం కావడానికి చెప్పిన మాట మాత్రమే. సూర్యుని నుంచి వెలుగు వచ్చినట్లు ఏకం నుంచి ప్రపంచం దానంతటదే వెలువడుతుందన్నారు ఆ తత్వవేత్తలు. సృష్టికర్త తన ఇచ్ఛతో, తన ఆజ్ఞతో సృష్టించాడన్నది మన విశ్వాసం.

ఇది మాటల పట్టింపు కాదు. ఇచ్ఛ లేని మూలానికి మొర ఎలా వినిపిస్తుంది? చేతులెత్తి దుఆ చేయడంలో అర్థమేముంటుంది?

ఇమాం గజాలీ (రహ్మలై) 1095లో వ్రాసిన ‘తహాఫతుల్ ఫలాసిఫా’లో తత్వవేత్తల వాదాలను ఇరవై అంశాలుగా విడదీసి ఖండించారు. వాటిలో మూడింటిని మాత్రమే కుఫ్ర్ అన్నారు: ప్రపంచం అనాది అనడం, దేవునికి ఒక్కొక్క విషయం విడివిడిగా తెలియదనడం, మరణానంతరం దేహంతో లేపబడడాన్ని కాదనడం. అదే ఇమాం ‘మిష్కాతుల్ అన్వార్’లో ఆయతున్నూర్‌ను వివరిస్తూ వెలుగుల అంతస్తులను గురించి చెప్పారు. అంటే పనికివచ్చే పోలికను తీసుకున్నారు, అఖీదాను మాత్రం తాకనివ్వలేదు. తర్వాతి కాలంలో ఇబ్నె అరబీ (1165–1240) వహ్‌దతుల్ వుజూద్ భావాలపై, షేఖ్ అహ్మద్ సర్హిందీ (1564–1624) వాటికి ఇచ్చిన జవాబుపై జరిగిన చర్చ కూడా ఈ గీత చుట్టూ తిరిగినదే.

పిఠాపురం దాకా

ఈ ధార మన గోదావరి తీరానికీ చేరింది. ఇబ్నె సీనా ప్రసంగాన్ని పారసీలోకి అనువదించి, ఆయన మార్గంలో తత్వ రచనలు చేసినవాడు ఉమర్ ఖయ్యాం. ఆ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలుగా మలచినవారిలో ఒకరు పిఠాపురం ఆధ్యాత్మిక పీఠానికి ఆరవ పీఠాధిపతి అయిన కవి ఉమర్ ఆలీషా (1885–1945). ఆనాటి కేంద్ర శాసనసభలో సభ్యులుగానూ ఉన్న ఆయన, సూఫీ భావాలను వేదాంత పరిభాషలో తెలుగువారికి చెప్పారు. ‘సూఫీ వేదాంత దర్శము’ అన్న గ్రంథం పేరులోనే ఆ ప్రయత్నం కనిపిస్తుంది. పొరుగువారికి వారి మాటల్లో చెప్పడం మేలైన పనే. అయితే మాట కలిసినంత మాత్రాన విశ్వాసం ఒకటి కాదని చదువరి గుర్తుంచుకోవాలి.

మరి మొదటి ప్రశ్నకు జవాబు?

తేదీలే జవాబు చెబుతున్నాయి. హజ్రత్ హసన్ బస్రీ (రహ్మలై) 728లో, హజ్రత్ రాబియా బస్రీ (రహ్మలై) 801లో పరమపదించారు. ‘ఉసూలూజియా’ అరబ్బీలోకి రాకముందే వారు లోకవ్యామోహాన్ని విడిచారు, అల్లాహ్ ప్రేమలో రాత్రులు జాగారం చేశారు. హృదయ శుద్ధిని దివ్య ఖుర్‌ఆన్ ‘తజ్‌కియా’ అన్నది. దైవప్రవక్త (స) ‘ఇహ్‌సాన్’ నేర్పారు. తసవ్వుఫ్‌కు వేరు అక్కడ ఉన్నది. గ్రీకుల నుంచి వచ్చినది కొంత పరిభాష, కొన్ని పోలికలు, వాటితోపాటు కొన్ని పొరపాట్లు.

కనుక యువకులకు మా మనవి: పరాయి మాట కలిసిందని పంటనంతా తగులబెట్టకండి. పెద్దలకూ మా మనవి: పూర్వీకులది అన్నంత మాత్రాన తూకం మానకండి. ఏ బోధ అయినా మనల్ని నమాజ్‌కు, నిజాయితీకి, అల్లాహ్ ఒక్కడినే వేడుకోవడానికి దగ్గర చేస్తే స్వీకరిద్దాం; దూరం చేస్తే, ఎంత తీయగా ఉన్నా వదిలేద్దాం. మనందరికీ అల్లాహ్ సత్యాన్ని సత్యంగా చూసే దృష్టిని, దానిని మృదువుగా చెప్పే నాలుకను ప్రసాదించుగాక! ఆమీన్.