వాగు తీయువఱకు

వానకాలమున మా కేంద్రమునుండి వెలువడు ప్రాంతీయ వార్తలలో ఒక వాక్యము తఱచుగ వినబడును: "వాగులు పొంగుటచే పలు గ్రామములకు రాకపోకలు నిలిచిపోయినవి." దీనిని చదువుటకు పట్టు కాలము నాలుగైదు క్షణములు. పట్టణములోని శ్రోత అంతలో భోజనమునకు లేచిపోవుటయు కలదు. కాని బొల్లాపల్లి వంటి చోట ఆ వాక్యమునకు బరువెక్కువ. వాగున కావల నొక తండాలో నొక యిల్లాలు పురిటినొప్పులు పడుచుండవచ్చును. ఈవల బస్సులో నలువదిమంది కూర్చుండి ఒకమాఱు నీటివంకయు, ఒకమాఱు డ్రైవరు ముఖమువంకయు చూచుచుండవచ్చును. దిగవలెనా, ఆగవలెనా అను ప్రశ్నకు అచట నెవరో యొకరు జవాబు చెప్పితీఱవలెను. ఆ జవాబు దేనిపై ఆధారపడవలెనో నేడు కొంత విచారింతము.

బొల్లాపల్లి పల్నాడు జిల్లాలో నైరృతి మూలనున్న మండలము. పూర్వము గుంటూరు జిల్లా వినుకొండ తాలూకాలోనిది. 2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట ముఖ్యస్థానముగ పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. నల్లమల కొండల తూర్పు చాళ్లు ఇచ్చటికి దిగివచ్చును. ఊళ్ల పేర్లే నేల స్వరూపమును చెప్పును. గండిగనుముల యను నూరున్నది. గండి యన్నను గనుమ యన్నను కొండల నడుమ త్రోవయే. మేళ్లవాగు అను మఱొక యూరు వాగు పేరనే వెలసినది. కొండల నడుమ పల్లెలు, లంబాడీ తండాలు, చెంచు గూడెములు విసిరినట్లు అచ్చటచ్చట నుండును. వాని మధ్య పాఱు వాగులు సంవత్సరములో పది నెలలు ఎండి, ఇసుకయు గులకరాళ్లునై పడియుండును.

ఈ ప్రాంతపు నీరు పలు దారుల పట్టిపోవును. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము చెఱువును నింపి, మార్కాపురముమీదుగ వినుకొండ సీమను ఒరసికొని తూర్పు సముద్రమును చేరును. నాగులేరు కారెంపూడి, దాచేపల్లి మీదుగ కృష్ణలో కలియును. పండ్రెండవ శతాబ్దమున పల్నాటి వీరులు పోరాడి నేలకొఱిగినది ఈ నాగులేటి యొడ్డుననే. మాచర్ల చెన్నకేశవస్వామి గుడిప్రక్కన పాఱు చంద్రవంక ఎత్తిపోతలయొద్ద డెబ్బది అడుగుల ఎత్తునుండి దుమికి కృష్ణకు పోవును. పెద్ద నదులకు వరద వచ్చుటకు ముందు ఎగువ ప్రాజెక్టులనుండి కబురు వచ్చును. ఎన్ని గేట్లెత్తిరో, ఎన్ని క్యూసెక్కులు వదలిరో మేము ప్రసారము చేయుదుము. కొండవాగునకు గేట్లు లేవు, కబురును లేదు.

వాగు ఇంత త్వరగ నేల పొంగును? నల్లమల చఱియలలో రాయి యెక్కువ, మన్ను తక్కువ. నల్లరేగడి పొలము కొంతసేపు వానను త్రాగి పిమ్మట వదలును. రాతి వాలుకు ఆ యోపిక లేదు. ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక వాగునకు ఎగువను పది చదరపు కిలోమీటర్ల కొండనేల యున్నదనుకొందము. అందు రెండు గంటలలో ఐదు సెంటీమీటర్ల వాన కురిసినచో ఐదు లక్షల ఘనమీటర్ల నీరు పడినట్లగును. అందులో సగము మాత్రమే వాగును చేరి, రెండు గంటలలో దిగిపోయినను, సెకనునకు సుమారు 35 ఘనమీటర్ల నీరు పాఱవలెను. అనగా సెకనునకు 35 టన్నులు. క్యూసెక్కులలో చెప్పినచో పండ్రెండు వందలకు పైమాటయే. ప్రొద్దున దుమ్ము లేచిన బాటమీద మధ్యాహ్నమునకు ఇంత నీరు రావచ్చును. వాన కొండమీద కురిసి యుండుటచే వాగుయొద్ద నిలిచినవాని నెత్తిన చినుకైనను పడియుండకపోవచ్చును.

వాతావరణశాఖవారి భాషలో "భారీ వర్షము" అనగా 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లనుండి 115.5 మిల్లీమీటర్ల వఱకు కురిసిన వాన. ఈ కొలత దినమంతటికి. అంత వాన పగలురేయి ముసురుపట్టి కురిసినచో వాగు ఓర్చుకొనగలదు. రెండు గంటలలో కుమ్మరించినచో ఓర్చుకొనలేదు. హస్త, చిత్త, స్వాతి కార్తెలలో బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదని వినినప్పుడు కొండప్రాంతమువారు ఈ భేదమును మఱువరాదు.

ఇక చప్టా సంగతి. ఏడాదిలో కొద్ది దినములే పాఱు వాగునకు ఎత్తైన వంతెన కట్టుట ఖర్చుతో కూడిన పని. అందుచే వాగు గర్భమున కొంచెమెత్తుగ కాంక్రీటు బాట పఱచి, క్రింద తూములుంచి చప్టా కట్టుదురు. చిన్న నీరు తూములలోనుండి పోవును, పెద్ద నీరు పైనుండి పోవును. పైనుండి పోవునపుడు జనము ఆగవలెనన్న యొప్పందముమీదనే చప్టా కట్టబడినది. కొట్టుకొనివచ్చిన కంప, పత్తికట్టె తూములకు అడ్డుపడినచో నీరు మఱింత త్వరగ పైకెక్కును. దిగువప్రక్కన దుముకు నీరు చప్టా అంచు క్రింది మట్టిని త్రవ్వివేయును. పైకి బాట యున్నట్లే యుండును, క్రింద ఆధారముండదు. బురదనీటిలో ఇది కంటికి కానరాదు.

"మోకాటిలోతు నీరేగదా" యని పలువురు మోసపోవుదురు. నిలిచిన నీటిలోతు వేఱు, పాఱు నీటిలోతు వేఱు. నీటి వేగము రెట్టింపైనచో అది త్రోయు బలము నాలుగింతలగును. చిన్న కారు బరువు సుమారు 800 కిలోగ్రాములు. దాని అడుగుభాగము ఐదు చదరపు మీటర్లనుకొందము. నీరు ఆ యడుగుభాగమునకు పైన 15 సెంటీమీటర్లు ఎక్కినచో కారును 750 కిలోగ్రాముల బలముతో పైకెత్తును. అప్పటికి బాటమీద నీరు అడుగు లోతునకు కొంచె మెక్కువ, అంతే. చక్రములు నేలను పట్టుకొనునది బరువుచేతనే. ఆ బరువును నీరు మోసికొనినపిమ్మట, ప్రక్కనుండి వచ్చు చిన్న త్రోపుడు చాలును. అమెరికా వాతావరణశాఖవారు చెప్పు లెక్కయు ఇట్లే యున్నది: వడిగ పాఱు నీరు ఆఱంగుళములున్న మనిషి పడిపోవును, ఒక అడుగున్న చిన్న కారు తేలిపోవును, రెండడుగులున్న చాలవఱకు వాహనములన్నియు కొట్టుకొనిపోవును. ట్రాక్టరు చక్రములు ఎత్తైనవని ధైర్యము చెప్పుదురు. ట్రాక్టరు నిలిచినను వెనుక కూలీలతో నున్న ట్రక్కు ప్రక్కకు జరిగి ఒఱగవచ్చును.

ఇవి పుస్తకములలోని లెక్కలు మాత్రమే కావు. 2005 అక్టోబరు 29న నాటి నల్లగొండ జిల్లాలోని వలిగొండయొద్ద ఒక చిన్న చెఱువు తెగి రైలుకట్టను కోసివేయగా, రేపల్లెనుండి సికింద్రాబాదు వెళ్లుచున్న డెల్టా ప్యాసింజరు పడిపోయి నూఱుమందికి పైగ మరణించిరి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగినప్పుడు ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకొని కొందఱు ప్రయాణికులు ప్రాణములు కోలుపోయిరి. 2024 ఆగష్టు 31న గుంటూరుకు చేరువనున్న ఉప్పలపాడుయొద్ద కారు వాగులో కొట్టుకొనిపోయి ఒక ఉపాధ్యాయుడును, ఇద్దఱు విద్యార్థులును మరణించిరి. వానలకు బడి విడిచిపెట్టగా పిల్లలను ఇండ్లకు చేర్చబోయిన ప్రయాణమది. ఆ కారులో సాహసమునకై బయలుదేఱినవారెవరును లేరు. ఇల్లు చేరవలెనన్న కోరికయే వారిని నడిపించినది.

మా సంగతియు దాపక చెప్పుదుము. కొన్నేండ్లక్రిందట స్వాతి కార్తెలో పత్తి రైతుల మాటలు రికార్డు చేయుటకై మేము జీపులో ఆ ప్రాంతమునకు పోయితిమి. తిరుగుప్రయాణమున సాయంకాలము నాలుగు గంటలకు ఒక చప్టా చేరితిమి. ఉదయము దానిమీద దుమ్ము లేచినది. ఇప్పుడు ఎఱ్ఱనీరు పలుచగ పాఱుచున్నది. ఆకాశము తేటగ నున్నది. ఆ రికార్డింగు మఱునాడే ప్రసారము కావలెను. డ్రైవరు సంశయించుచుండగా, "మోకాటిలోతైనా లేదు, మెల్లగా పోనివ్వండి" అన్నవారము మేమే. ఇంతలో గొఱ్ఱెలను తోలుకొని ఒక వృద్ధుడు వచ్చెను. అతడు మాతో వాదింపలేదు. నీటి యంచున నొక రాయి పెట్టి, "అయ్యా, పైన ఇంకా కురుస్తానే ఉంది. వాగు తీసిందాకా ఆగండి, పోయేదేముంది?" అని చుట్ట వెలిగించెను. పావుగంటలో ఆ రాయి కానరాలేదు. మఱి కొంతసేపటికి వేళ్లతోకూడ నొక తుమ్మచెట్టు వచ్చి చప్టామీద దొర్లి ఆవలికి పోయెను. రాత్రి తొమ్మిది దాటినపిమ్మట నీరు తీసినది. దీపపు వెలుగున చూడగా, దిగువప్రక్కన బాట గజము వెడల్పున విఱిగిపోయి యున్నది. ఆ రాత్రి జీపులోనే యుండి తెల్లవాఱిన పిమ్మట చుట్టుదారిన వచ్చితిమి. ఆ పూట మా కార్యక్రమమునకు బదులు మఱొకటి ప్రసారమైనది. మార్పును శ్రోతలలో ఒక్కరైనను గుర్తించినట్లు లేదు.

ఆ వృద్ధుడు చేసిన పనిలోనే సగము శాస్త్రమున్నది. నీటియంచున ఒక రాయిగాని, పుల్లగాని గుఱుతు పెట్టి పావుగంట చూడవలెను. గుఱుతు మునిగినచో వాగు ఎక్కుచున్నది. నీటి రంగు చిక్కబడుట, నురుగును ఆకులును పుల్లలును గుంపుగ వచ్చుట, ఎగువనుండి హోరు వినబడుట ఇవన్నియు పైనుండి మఱింత వచ్చుచున్నదనుటకు సూచనలు. గుఱుతు తేలి నీరు తగ్గినను వెంటనే బండి దింపరాదు. బాట మీద నీరు పోయి, అంచులు నిలిచియున్నవని కంట చూచిన తర్వాతనే కదలవలెను. రాత్రివేళ లైటు వెలుగు నీటిమీద మెఱసి లోతును దాచును గనుక తెల్లవాఱువఱకు ఆగుట మేలు. సెల్‌ఫోనులోని పటము దగ్గఱి దారిని చూపునుగాని ఆ దారిలో పాఱు నీటిని చూపదు. ఆ సంగతి ఊరివారినే అడుగవలెను.

పొఱపాటున బండి నీటిలో ఆగినచో మఱల ఇంజను స్టార్టు చేయుటకు యత్నించుచు కాలము వృథా చేయరాదు. వెలుపలి నీటి ఒత్తిడికి తలుపు తెఱచుకొనకపోవచ్చును. అద్దము దింపి కిటికీలోనుండి బయటపడి బండిపైకి ఎక్కి, 112కు ఫోను చేయవలెను. సామానులకై లోపలికి మఱలరాదు. నెలలు నిండిన స్త్రీలున్న ఇంటివారు, తుపాను హెచ్చరిక వినిన నాడే, వాగు రాకముందే, ఆమెను వినుకొండకో, ఆసుపత్రియున్న మఱొక యూరికో చేర్చుట మంచిది. 108 బండియైనను పొంగిన వాగును దాటి రాలేదు.

దూరదేశములలోను ఇదే కథ. ఆస్ట్రేలియా మధ్యభాగమున ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణముగుండ పోవు టాడ్ నది ఏడాదిలో నెక్కువకాలము ఇసుకబాటయే. వాన పడినప్పుడు పొంగిపాఱును. ఆ దేశపు బాటలు వాగులు దాటుచోట్ల లోతు తెలియుటకు అంకెలు వేసిన స్తంభములు పాతుదురు. దూరప్రయాణమునకు బయలుదేఱువారు కొన్ని దినములకు చాలునంత త్రాగునీరు, తిండి బండిలో నుంచుకొందురు. ఆగవలసి వచ్చునని ముందే యెంచుకొనుటచే వారికి ఆగుట కష్టమనిపింపదు. మన పల్లెదారులలోను చప్టాకు రెండు వైపుల అడుగులు గుఱుతువేసిన రాళ్లు పాతుట పెద్ద ఖర్చు కాదు. బస్సెక్కునప్పుడు నీళ్లసీసాయు, రెండు రొట్టెలును సంచిలో నుండుట అంతకన్న తక్కువ ఖర్చు.

పూర్వము ఎడ్లబండ్లవారు వాగు వచ్చినదనిన గట్టున బండ్లు విప్పి, పొయ్యి వెలిగించి, వంట చేసికొనెడివారు. వారు మనకన్న ధీరులు కారని యెవరును అనలేరు. వారిని తొందరపెట్టువారు లేకుండిరి. నేడు చప్టాకడ నిలిచినవాని జేబులో ఫోను మ్రోగుచుండును: ఎక్కడున్నావు, ఇంకను రాలేదేమి, అన్నము చల్లారిపోవుచున్నది. ప్రేమతో నడిగిన ఆ మాటయే అతనిని నీటిలోనికి త్రోయవచ్చును. కావున రేడియోలో రాకపోకలు నిలిచిన వార్త విన్నప్పుడు, ఆ దారిన రావలసినవారు మీ యింట నుండినచో, మీరే ముందుగ ఫోను చేసి, "వాగు తీయువఱకు ఆగుము, రేపు వచ్చినను చాలును" అని చెప్పుడు.