నిద్ర ఆపే టీ.. షుగర్ పెంచుతుందా?

అర్ధరాత్రి దాటినా చాగలమర్రి మీదుగా సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై రద్దీ తగ్గదు. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ దాటిన లారీలు ఇటుగానే కడపకు వెళ్తాయి. స్టీరింగు ముందు కునుకు పడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే డ్రైవర్లు టీనో, సిగరెట్టునో, ఎనర్జీ డ్రింకునో నమ్ముకుంటారు. వాటిలోని కెఫీన్, నికోటిన్ రెండూ ఉత్తేజకాలే. వాటివల్ల వచ్చే మెలకువ ప్రభావం రక్తంలోని చక్కెర మీదా పడుతుంది.

మేల్కొని ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ పోగై నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ దాని చోటును ఆక్రమించి నిద్రను ఆపుతుంది. ఒంట్లో అడ్రినలిన్‌నూ పెంచుతుంది. దాంతో కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, కండరాలేమో ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు.

నెదర్లాండ్స్ పరిశోధకులు 2002లో ఆరోగ్యవంతులకు కెఫీన్ ఎక్కించి చూస్తే, ఇన్సులిన్ పనితనం 15 శాతం తగ్గింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2008లో రోజూ కాఫీ తాగే 10 మంది టైప్-2 మధుమేహులను పరీక్షించింది. 500 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్న రోజు వాళ్ల పగటి చక్కెర సగటున 7.5 శాతం, రాత్రి భోజనం తర్వాత 26 శాతం ఎక్కువగా నమోదైంది.

మరి కాఫీ మానేయాలా?

అక్కర్లేదు. 17 వేల మంది డచ్చివారిపై జరిపిన అధ్యయనం 2002లోనే లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. రోజుకు ఏడు కప్పులు, అంతకు మించి తాగేవారిలో టైప్-2 ముప్పు, తక్కువగా తాగేవారితో పోలిస్తే సగమే కనిపించింది. కెఫీన్ తీసేసిన కాఫీ తాగేవారిలోనూ ముప్పు తక్కువే. అంటే కాఫీ గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఇతర పదార్థాలకూ ఇందులో పాత్ర ఉండొచ్చు.

ఎనర్జీ డ్రింకుల సంగతి వేరు. లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్‌ను మన ఆహార భద్రత సంస్థ అనుమతిస్తోంది. దానికి తోడు, పేరున్న కొన్ని బ్రాండ్ల 250 మి.లీ. డబ్బాలో 25 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఇక సిగరెట్టు విషయానికొస్తే, పొగతాగేవారికి టైప్-2 ముప్పు 30 నుంచి 40 శాతం ఎక్కువ.

వీటన్నిటికీ తోడు నిద్రలేమి దెబ్బా పెద్దదే. షికాగో పరిశోధకులు 1999లో 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. వాళ్ల రక్తంలోంచి గ్లూకోజు తొలగే వేగం దాదాపు 40 శాతం పడిపోయింది.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితం. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు తాగే టీలు, పడుకునే గంటలు కూడా డాక్టరుకు చెప్పాలి. హైవేల వెంట డ్రైవర్లకు 1,000 విశ్రాంతి భవనాలు కడతామని కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. చాగలమర్రి దారిన రాత్రంతా బండి తోలేవాళ్లకు మరో టీ కంటే ముందు కావాల్సింది అలాంటి చోట ఒక మంచం, కొన్ని గంటల నిద్ర.