ఆ మబ్బు జోలికి వెళ్లొద్దు!

విమానానికి రాడార్‌ ఉంది, ఆటోపైలట్‌ ఉంది, గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు దూసుకెళ్లే సత్తా ఉంది. అయినా ఉరుముల మేఘం ఎదురైతే పక్కకు తప్పుకోవాల్సింది విమానమే. తప్పుకునే దారి లేకపోతే... ఉన్నా తప్పుకోకపోతే?

2025 మే 21. ఢిల్లీ నుంచి శ్రీనగర్‌ వెళ్తోంది ఇండిగో విమానం. లోపల 220 మందికి పైగా ప్రయాణికులు. 36 వేల అడుగుల ఎత్తున సాఫీగా సాగుతున్న విమానానికి పఠాన్‌కోట్‌ దగ్గర ఓ పెద్ద మేఘం అడ్డొచ్చింది. ఎడమవైపు తప్పుకుంటామని పైలట్లు వాయుసేన కంట్రోల్‌ను అడిగారు. ఎడమవైపు అంటే సరిహద్దు. కుదరదన్నారు. లాహోర్‌ను అడిగారు, కాసేపు మీ గగనతలంలోకి వస్తామని. అక్కడా కాదన్నారు. వెనక్కి తిరగాలని చూశారు. అప్పటికే మేఘం ముంగిట్లోకి వచ్చేశారు. ఇక మిగిలింది ఒకటే దారి... దాన్ని చీల్చుకుని వీలైనంత త్వరగా అవతలికి పోవడం.

ఆ తర్వాత కొద్ది నిమిషాలు ఏం జరిగిందో పౌరవిమానయాన సంస్థ డీజీసీఏ ప్రకటన చెబుతుంది. వడగళ్లు విమానాన్ని బాదేశాయి. పైకీ కిందికీ కొట్టే గాలులకు ఆటోపైలట్‌ చేతులెత్తేసింది. వేగం మితిమీరిందని ఓ హెచ్చరిక, చాలక పడిపోబోతున్నావని మరో హెచ్చరిక! ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల లెక్కన కిందికి జారింది. మామూలుగా దిగేటప్పుడు ఉండే వేగానికి ఇది మూడు నాలుగు రెట్లు. పైలట్లు చేత్తోనే నడుపుకుంటూ మేఘం దాటించి శ్రీనగర్‌లో దించారు. ఎవరికీ గాయాల్లేవు. విమానం ముక్కు మాత్రం సుత్తితో బద్దలుకొట్టినట్టుగా పగిలిపోయి ఉంది.

ఆ రోజు అంతా పైలట్ల ధైర్యాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఉరుముల మేఘాల గురించి పైలట్లకు నేర్పే మొదటి పాఠంలో ధైర్యం అన్న మాటే ఉండదు. తప్పుకో... అంతే!

టీకొట్టు దాకా వచ్చిన పేరు

క్యుములోనింబస్‌. నోరు తిరగని ఈ మాట తెలుగువాళ్లకు 2009 సెప్టెంబరులో పరిచయమైంది. ఆ నెల రెండో తేదీ ఉదయం అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్లో బయల్దేరారు. నల్లమల దాటలేదు. ఆయనతో పాటు అందులో ఉన్న మిగతా నలుగురూ చనిపోయారు. గేర్‌బాక్స్‌ నూనె పీడనానికి సంబంధించిన హెచ్చరికతో పైలట్లు కొంతసేపు తలమునకలై ఉన్నారనీ, చివరికి మేఘం నుంచి కిందికి కొట్టే బలమైన గాలిలో చిక్కుకుని హెలికాప్టర్‌ అదుపు తప్పిందనీ విచారణ కమిటీ తేల్చింది. వారం తిరక్కుండానే ఊరూరా టీకొట్ల దగ్గర కూడా క్యుములోనింబస్‌ మాటే!

ఇంతకీ ఆ మబ్బులో ఏముంది? పొయ్యి మీద పాలు పొంగడం చూస్తాం కదా... అలాంటిదే. ఎండకు కాగిన నేల మీది తేమగాలి పైకి లేస్తుంది. పైన చల్లబడి ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది. మారేటప్పుడు వేడిని వదులుతుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి నెడుతుంది. అలా పొంగి పొంగి, ఇక పైకి పోలేని చోట కమ్మరి దాగలిలా బల్లపరుపుగా పరుచుకుంటుంది. మన దగ్గర వేసవి చివర్లో వచ్చే ఇలాంటి మేఘాలు 50 వేల అడుగులు దాటిపోతాయి. ప్రయాణికుల విమానాలు ఎగిరేది 40 వేల అడుగుల అటూఇటూ. అంటే, పై నుంచి దాటేద్దామంటే కుదరదు. కింది నుంచా? అక్కడ ఇంకో గండం ఉంది, దాని సంగతి తర్వాత. కాబట్టి పక్క నుంచే వెళ్లాలి. అదీ ఆనుకుని కాదు. తీవ్రమైన మేఘానికి కనీసం 20 నాటికల్‌ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల దూరం పాటించమంటారు. వడగళ్లు మేఘంలోంచి బయటి తేటగాలిలోకి కూడా విసిరినట్టు వచ్చిపడతాయి మరి.

లోపలికి వెళ్తే ఓ పక్క గాలి నిమిషానికి వేల అడుగుల వేగంతో పైకి ఎగదంతుంది, దాని పక్కనే మరో గాలి అంతే జోరుగా కిందికి తొక్కుతుంది. విమానం ఈ రెంటి మధ్యా దూరితే ఏమవుతుందో వేరే చెప్పాలా! అందుకే చిక్కుకుపోతే ఎత్తు తగ్గిందని కంగారుపడి విమానాన్ని పైకి లాగొద్దని నేర్పుతారు. కుదుపులకు తగ్గ వేగానికి తగ్గించి, రెక్కలు సమంగా ఉంచి, ఎత్తు కొంత పెరిగినా తగ్గినా పోనివ్వాలి. గాలితో కుస్తీ పడితే విమానం మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

చాలామంది ప్రయాణికులు భయపడేది పిడుగుకి. నిజానికి పెద్ద విమానాల్లో ఒక్కోదాని మీదా సగటున ఏడాదికోసారి పిడుగు పడుతూనే ఉంటుంది. ఆ కరెంటు పై తొడుగు మీదుగా పాకి బయటికి పోతుంది. 1963 డిసెంబరులో అమెరికాలోని ఎల్క్‌టన్‌ దగ్గర పిడుగుకి ఇంధన ఆవిరి అంటుకుని పాన్‌యామ్‌ విమానం కూలింది. 81 మంది పోయారు. ఆ తర్వాతే పిడుగు రక్షణ మీద కట్టుదిట్టమైన నిబంధనలొచ్చాయి. ఇవాళ పైలట్లను భయపెట్టేవి వడగళ్లూ, గాలులే.

రాడార్‌ కూడా మోసపోతుంది

విమానం ముక్కులో ఉండే రాడార్‌ చూసేది వాన చినుకుల్ని. తెర మీద ఆకుపచ్చ అంటే కొద్దిపాటి వాన, ఎరుపు అంటే జోరు. పొడిగా ఉండే వడగళ్లూ, ఎత్తున ఉండే మంచు పలుకులూ దానికి సరిగా ఆనవు. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. వాన మరీ దట్టంగా ఉంటే రాడార్‌ తరంగాలన్నీ అందులోనే ఇంకిపోతాయి. వెనకాల ఏముందో తెలియదు. తెర మీద ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. దారి ఉందనుకుంటే అంతే సంగతులు!

1977 ఏప్రిల్‌ 4న అమెరికాలోని జార్జియాలో సదరన్‌ ఎయిర్‌వేస్‌ డీసీ-9 విమానం సరిగ్గా ఇలాగే మోసపోయింది. సందు అనుకుని పైలట్లు వెళ్లింది తుపానులోకెల్లా జోరైన భాగంలోకి. వడగళ్లు, నీళ్లు మింగి రెండు ఇంజిన్లూ పాడయ్యాయి. న్యూహోప్‌ అనే ఊళ్లో రోడ్డు మీద దించబోయారు. కిందివాళ్లతో కలిపి 72 మంది చనిపోయారు.

పదకొండేళ్ల తర్వాత, 1988 మే 24న న్యూ ఆర్లియన్స్‌ దగ్గర టాకా సంస్థ బోయింగ్‌ 737కీ అదే గతి పట్టింది. వానకీ వడగళ్లకీ రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. కెప్టెన్‌ కార్లోస్‌ డార్డానోకి ఒకే కన్ను. ఆ ఒంటికన్నుతోనే ఓ కాలువ గట్టు పక్కనున్న పచ్చికను చూసుకుని విమానాన్ని మెత్తగా దించేశాడు. 45 మందిలో ఒక్కరి ప్రాణమూ పోలేదు. ఇంజిన్‌ మార్చి, అక్కడే రోడ్డు మీంచి ఆ విమానాన్ని మళ్లీ ఎగరేశారు.

నాగసాకి చెప్పిన రహస్యం

ఇక మేఘం కింద పొంచి ఉండే గండం. దాని గుట్టు విప్పింది టెట్సుయా ఫుజిటా అనే జపాన్‌ శాస్త్రవేత్త.

1945లో అణుబాంబు పడిన తర్వాత నాగసాకిని పరిశీలించడానికి వెళ్లిన బృందంలో యువకుడైన ఫుజిటా ఉన్నాడు. పేలుడు కిందికి కొట్టి నలుదిక్కులకూ ఎగజిమ్మిన తీరును అక్కడ చూశాడు. నిజానికి ఆ బాంబు ముందుగా వేయాల్సింది ఫుజిటా ఉండే కొకురా మీద! మబ్బులు కమ్మి నగరం కనిపించక నాగసాకికి మళ్లించారు. ఆయన ప్రాణం కాపాడింది మబ్బులేనన్న మాట. రెండేళ్ల తర్వాత ఓ కొండ మీది వాతావరణ కేంద్రంలో ఉరుముల మేఘాన్ని గమనించి, దాన్నుంచి కిందికి దిగే గాలులున్నాయని రాసుకున్నాడు. దగ్గర్లోని అమెరికన్‌ రాడార్‌ కేంద్రం పారేసిన చెత్తలో దొరికిన వ్యాసం ద్వారా షికాగోలోని ప్రొఫెసర్‌ హొరేస్‌ బయర్స్‌ గురించి తెలిసింది. బయర్స్‌ అప్పటికే 1946, 47ల్లో యుద్ధవిమానాలను వెయ్యిసార్లకు పైగా ఉరుముల మేఘాల్లోకి పంపి లెక్కలు తీసినవాడు. అంత ఖర్చుతో తేల్చిన విషయాన్ని ఈ కుర్రాడు కొండ మీద కూర్చుని కనిపెట్టాడని మురిసిపోయి, 1953లో షికాగోకి పిలిపించుకున్నాడు.

1974లో అమెరికాలో పెనుగాలులు వీచాక విమానంలోంచి చూస్తున్న ఫుజిటాకి వెస్ట్‌ వర్జీనియా అడవిలో నేలకూలిన చెట్లు నక్షత్రాకారంలో కనిపించాయి. సుడిగాలి అయితే చెట్లు గుండ్రంగా మెలితిరిగి పడాలి. ఇది నాగసాకిలో చూసిన ఆకారం! మరుసటి ఏడాది జూన్‌ 24న న్యూయార్క్‌లో దిగబోతూ ఈస్టర్న్‌ సంస్థ విమానం కూలింది. ఆ కేసు ఫుజిటా దగ్గరికొచ్చింది. గాలి కిందికి కుప్పకూలినట్టు పడి విమానాన్ని నేలకేసి కొట్టిందన్నాడు. దానికి 'డౌన్‌బర్స్ట్‌' అని పేరు పెట్టాడు. నాలుగు కిలోమీటర్ల లోపు వెడల్పు ఉండే చిన్నరకం 'మైక్రోబర్స్ట్‌'. చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1978లో షికాగో దగ్గర డాప్లర్‌ రాడార్లు పెట్టి చూపించాక గానీ నోళ్లు మూతపడలేదు.

అదెలా పనిచేస్తుందో చూడాలంటే కుళాయి కింద పళ్లెం బోర్లించి నీళ్లు వదలండి. నీళ్లు దాన్ని తాకి అన్ని వైపులకూ జిమ్ముతాయి. ఇప్పుడు ఆ పళ్లెం మీదుగా విమానం దిగుతోందనుకోండి. ముందు ఎదురుగాలి తగులుతుంది. విమానం కాస్త పైకి లేస్తుంది. ఎక్కువైందనుకుని పైలట్‌ ఇంజిన్‌ శక్తి తగ్గిస్తాడు. మరుక్షణం నెత్తిన గాలి కుమ్మరిస్తుంది. ఆ వెంటే వెనకగాలి! రెక్కల మీద గాలి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. శక్తి పెంచినా ఇంజిన్‌ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కింద నేల మాత్రం కొన్ని వందల అడుగుల్లోనే ఉంటుంది.

1985 ఆగస్టు 2న డాలస్‌లో డెల్టా 191 విమానం ఇలాగే కూలి 137 మంది చనిపోయారు. అప్పటికి గానీ ప్రభుత్వం గట్టిగా కదల్లేదు. విమానాల్లో హెచ్చరిక పరికరాలు తప్పనిసరి చేశారు. విమానాశ్రయాల దగ్గర ప్రత్యేక రాడార్లు పెట్టారు. ఎదురుగాలి అకస్మాత్తుగా పెరిగితే ఆగకుండా పైకి లేచిపోవాలని పైలట్లకు సిమ్యులేటర్‌లో నేర్పారు. 1994 జులైలో షార్లట్‌లో 37 మందిని బలిగొన్న ప్రమాదం తర్వాత అమెరికాలో మైక్రోబర్స్ట్‌కి ప్రయాణికుల జెట్‌ విమానమేదీ కూలలేదు.

ఆలస్యమైతే...

ఇన్ని తెలిసీ పైలట్లు మబ్బులోకి ఎందుకు వెళ్తారు? మసాచుసెట్స్‌లోని లింకన్‌ ల్యాబొరేటరీ డాలస్‌ విమానాశ్రయం చుట్టూ రాడార్‌ రికార్డులు తీసి 1999లో దీనికి జవాబు చెప్పింది. గమ్యం దగ్గరపడిన కొద్దీ పైలట్లు ఉరుముల మేఘాల్లోకి చొరబడటం ఎక్కువవుతోంది. విమానం పావుగంటకు మించి ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. చీకటిపడ్డాక ఎక్కువ. ముందు మరో విమానం వెళ్తూ ఉంటే కూడా ఎక్కువే! 'వాళ్లు దిగారుగా, మనమూ దిగుదాం' అన్న ధీమా. డెల్టా 191కి ముందు ఓ చిన్న జెట్‌ విమానం క్షేమంగానే దిగింది మరి. మైక్రోబర్స్ట్‌ బతికేది నిమిషాల లెక్కనే. ముందున్నవాడికి తగలనిది వెనకవాడికి తగులుతుంది.

ఈ ధీమా పైలట్లది మాత్రమే కాదు. విమానం గంట ఆలస్యమైతే కౌంటర్‌ దగ్గర గొంతు పెంచేది మనమే కదా!

అన్ని కుదుపులూ విమానాన్ని కూల్చేవి కావు. ప్రయాణికుల్ని మాత్రం కూలదోస్తాయి. 2022 మే 1న ముంబయి నుంచి వచ్చి దుర్గాపూర్‌లో దిగబోతున్న స్పైస్‌జెట్‌ విమానం బెంగాల్లో కాలబైశాఖి అనే వేసవి గాలివాన బారిన పడింది. లోపలివాళ్లు చాలామంది గాయపడ్డారు. 2024 మేలో లండన్‌ నుంచి సింగపూర్‌ వెళ్తున్న విమానం మయన్మార్‌ మీద కుదుపులకు లోనైంది. ఓ పెద్దాయన చనిపోయారు. ఎంతోమందికి తలలు, వెన్నులు దెబ్బతిన్నాయి. 'ఎయిర్‌పాకెట్‌లో వేల అడుగులు పడిపోయింది' అన్నారంతా. దర్యాప్తులో తేలింది వేరు. నాలుగున్నర సెకన్లలో అది జారింది 178 అడుగులే. కాకపోతే విమానం కిందికి జారిన క్షణంలో బెల్టు లేనివాళ్లు కప్పుకి తగిలారు. విమానం మళ్లీ పైకి లేచేసరికి నేలకేసి కొట్టుకున్నారు. విమానం మామూలుగానే బ్యాంకాక్‌లో దిగింది.

మబ్బే లేని నీలాకాశంలోనూ కుదుపులొస్తాయి. అవి రాడార్‌కి అసలు కనబడవు. ఉత్తర అట్లాంటిక్‌ మీద రద్దీగా ఉండే చోట అలాంటి తీవ్రమైన కుదుపులుండే సమయం 1979తో పోలిస్తే 2020 నాటికి 55 శాతం పెరిగిందని బ్రిటన్‌లోని రీడింగ్‌ విశ్వవిద్యాలయం 2023లో లెక్కగట్టింది. వాతావరణం వేడెక్కడమే కారణమన్నారు. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లే అమ్మానాన్నలు బెల్టు గుర్తు ఆరిపోగానే దాన్ని విప్పేసి కాళ్లు చాపుకుంటుంటారు. పైలట్లు మాత్రం తమ సీట్లో ఉన్నంతసేపూ బెల్టు తీయరు.

విమానం బయల్దేరేటప్పుడే గమ్యానికి చాలినంత ఇంధనంతో పాటు, అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లేంతా, ఆపైన మరో అరగంట గాల్లో తిరిగేంతా అదనంగా నింపుకుంటారు. శంషాబాద్‌ మీద ఏప్రిల్‌, మే సాయంత్రాల్లో గాలివాన ముసిరినప్పుడు విమానాలు గన్నవరానికో బెంగళూరుకో మళ్లేది ఆ ఇంధనంతోనే. గన్నవరంలో ఆగిన విమానంలో కూర్చుని జనం ఇళ్లకు ఫోన్లు చేసుకుంటూ విసుక్కుంటారు. కాక్‌పిట్‌లో పైలట్‌ హైదరాబాద్‌ వాతావరణ సమాచారం కోసం ఎదురుచూస్తుంటాడు. ఒక ఉరుముల మేఘం పుట్టి, కురిసి, చెదిరిపోవడానికి సాధారణంగా పట్టేది గంట లోపే.