నొప్పి కాల్లో... తగువు నడుంలో!

ఇరవై ఎనిమిదేళ్లకే చెప్పులు తొడుక్కోవడానికి అమ్మ సాయం కావాల్సొస్తుందని ఎవరనుకుంటారు? నేనైతే అనుకోలేదు.

మాది మైపాడు దగ్గర పల్లె. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. మంచం మీద దిండుకి ఆనుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో రోజుకు పది గంటలు కూర్చునేవాణ్ని. ఓ ఆదివారం నాన్నకు సాయంగా రొయ్యల గుంట దగ్గరికెళ్లి, పాతిక కిలోల మేత బస్తా నడుం వంచి లేపాను. లోపల ఏదో కలుక్కుమంది. మూడో రోజుకి నొప్పి పిరుదు నుంచి తొడ, పిక్క మీదుగా బొటనవేలి దాకా పాకింది. తుమ్మితే కరెంటు షాకే!

'నడుం పట్టింది, అంతే. ఎదురుకాళ్లతో పుట్టినోడితో తన్నించుకుంటే పోద్ది' అంది మా మేనత్త. మా వైపు ఇది మామూలు వైద్యమే. అడ్డుపడింది పెదనాన్న. 'వొద్దురా అబ్బయ్యా, ముందు డాక్టరు దగ్గరికి పో' అన్నాడు.

ఆయన ఎందుకన్నాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. జీవితమంతా వలలు లాగిన మనిషి. ఆరేళ్ల కిందట ఇలాగే కాలు లాగితే నడుం తొక్కించుకున్నాడు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా వేట మానలేదు. ఆపరేషన్ ఆలస్యమైంది. ఇప్పటికీ ఆ పాదం ఈడుస్తూనే నడుస్తాడు.

నెల్లూరులో మొదట వెళ్లినచోట ఎమ్మారై చూడగానే ఆపరేషన్ అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. మర్నాడు ఇంకో డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ఫిల్మ్ పక్కన పెట్టి, నన్ను పడుకోబెట్టి కాలు తిన్నగా పైకి లేపారు. కొంచెం లేపేసరికే ప్రాణం పోయింది. మడమల మీద నడిపించారు. పాదంలో బలం తగ్గలేదని చెప్పి, అప్పుడు వివరించారు.

మన వెన్నుపూసల మధ్య 23 డిస్కులుంటాయి. పైన గట్టి పీచు పొరలు, లోపల జిగురులాంటి పదార్థం. అచ్చం పూర్ణం బూరె! ముందువైపు నొక్కితే పూర్ణం వెనక్కి తన్నినట్టు, పొర చిరిగితే లోపలిది బయటికొచ్చి నరాన్ని తాకుతుంది. నిజానికి డిస్క్ ఎక్కడికీ జారదు, పేరే అలా పడింది. నాకు ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ దగ్గర. నొప్పి కాల్లో ఉన్నా తగువు నడుంలోనే. ఈ సంగతిని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ స్పష్టంగా చూపించేదాకా, ఇలా పొడుచుకొచ్చిన డిస్కును చాలామంది కంతి అనే అనుకున్నారట.

నాకు నమ్మబుద్ధి కానిది ఇంకొకటి. బయటికొచ్చిన ఆ ముక్కను చాలాసార్లు ఒళ్లే మెల్లగా కరిగించేసుకుంటుంది. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. పైగా ఏ నొప్పీ లేనివాళ్ల ఎమ్మారైలోనూ ఇలాంటి ఉబ్బులు కనిపిస్తాయట. మా భాషలో చెప్పాలంటే, లాగ్‌లో కనిపించిన ప్రతి ఎర్రగీతా క్రాష్‌కు కారణం కాదు.

అయితే కొన్నిటికి మాత్రం ఆగకూడదు. మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, రెండు కాళ్లూ బలహీనపడినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. పాదం లేవకపోయినా ఆలస్యం చెయ్యకూడదు.

నాకు రెండు రోజులే విశ్రాంతి ఇచ్చారు. ఎక్కువ పడుకుంటే కండరాలు నీరసిస్తాయట. డాక్టరు రాసిన మాత్రలు, ఫిజియోథెరపీ, తర్వాత నడక. పొద్దున్నే సముద్రం ఒడ్డున, అలలు తడిపిన గట్టి ఇసుక మీదే నడిచేవాణ్ని. పొడి ఇసుకలో కాలు కూరుకుపోతే నడుం మళ్లీ లాగేది. మంచం ఆఫీసు ఎత్తేసి కుర్చీ, బల్ల కొన్నాను. అరగంటకోసారి లేస్తాను, మీటింగు మధ్యలో అయినా సరే. మేనేజరు ఒకట్రెండుసార్లు మొహం చిట్లించాడు, చిట్లించనీ.

పది వారాలకు నా చెప్పులు నేనే తొడుక్కున్నాను. బొటనవేలి చివర తిమ్మిరి ఇంకా కాస్త ఉంది.

మేత బస్తాలు ఇప్పుడు నాన్నా నేనూ చెరో చివరా పట్టుకుని, మోకాళ్లు వంచి లేపుతున్నాం. మేనత్త మాత్రం కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉంది, 'ఒక్కసారి తన్నించుకోని ఉంటే ఏం పోయేదిరా?' అని.