గడియారం పక్కన ఆ చిన్న బొమ్మ ఎందుకు?

పాల్వంచలో మీసేవకు వెళ్తే వేలిముద్ర పెట్టమంటారు. ఒక్కోసారి ఆ యంత్రం ఉలకదు పలకదు. అప్పుడు ఆపరేటర్ కంప్యూటర్ తెర కింద కుడిమూలన, గడియారం పక్కకు చూస్తారు. అక్కడ చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఆ చోటే సిస్టమ్ ట్రే. విండోస్ 95 కాలం నుంచీ ఉంది.

వేలిముద్ర యంత్రం వెనక తెరపై కనబడకుండా నడిచే ప్రోగ్రామ్ ఉంటుంది. అదే సర్వీస్. మనం లాగిన్ కాకముందే పని మొదలుపెట్టగలదు.

మరి సర్వీసే నేరుగా తెర మీదికి రావచ్చుగా? రాకూడదు. దానికి అధికారాలెక్కువ. దాని కిటికీ (విండో) మన ముందుంటే, చెడ్డ ప్రోగ్రామ్ ఏదైనా దాని ద్వారా ఆ అధికారాలను చేజిక్కించుకోవచ్చు. అందుకే విండోస్ విస్టా నుంచి సర్వీసులను విడిగా ఉంచారు. మన ఊరి థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లో టర్బైన్ ఒకచోట తిరుగుతుంటే, ఇంజనీర్లు కంట్రోల్ రూమ్ నుంచి నడిపిస్తారు కదా, అలాగన్నమాట. ఇక్కడ మనకు కంట్రోల్ రూమ్ లాంటిది గడియారం పక్కనున్న ఆ బొమ్మ.

బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి 'రీస్టార్ట్' నొక్కితే, ఆ కబురు విండోస్‌లోని సర్వీస్ కంట్రోల్ మేనేజర్‌కు చేరుతుంది. నొక్కినవారికి అనుమతి ఉందో లేదో అది చూస్తుంది. ఉంటే సర్వీసును ఆపి మళ్లీ లేపుతుంది. ఎక్కడో ఇరుక్కుపోయిన పని వదిలి, సర్వీస్ యంత్రంతో కొత్తగా మాట కలుపుతుంది. చాలాసార్లు అంతే చాలు!

బొమ్మను మూసేసినంత మాత్రాన సర్వీస్ ఆగదు. రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. బొమ్మే లేకపోతే, స్టార్ట్ మెనూలో 'సర్వీసెస్' అని వెతికితే జాబితా అంతా కనిపిస్తుంది.